నేను నేర్పని నలభై రోజులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఎన్ఎం అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "మీ సర్వీసులో మీకు బాగా పేరు తెచ్చిన కేసేదో చెప్పండి మేడం" అని అడుగుతారు. పేరు తెచ్చినవన్నీ ఇప్పటికే అందరికీ రెండేసిసార్లు చెప్పాను. నేను మొదలుపెట్టగానే మా ఇంట్లోవాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోతున్నారు. అందుకని మీకోసం, నా పరువు తీసిన కేసు ఒకటి రాస్తున్నాను. మీకు పనికొచ్చేది ఇదేనని నా అనుమానం.

నేను ఏఎన్ఎంగా చేరి, యర్రగొండపాలెం వైపు అడవి పక్క ఊళ్లన్నీ తిరిగి, కొనకనమిట్లలో కొన్నేళ్లుండి, చివరికి సూపర్‌వైజరునై మార్కాపురం దగ్గర పలకల గనుల పక్కనున్న ఒక ఆరోగ్య కేంద్రానికి వచ్చాను. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. అప్పుడే సహజ ప్రసవాలు పెంచాలని పైనుంచి ఒక కార్యక్రమం వచ్చింది. గర్భిణులకు వారానికొక క్లాసు పెట్టి, భయం పోగొట్టి, ఊపిరి తీసుకునే పద్ధతి, నడక, కూర్చునే తీరు నేర్పి, వాళ్లను నొప్పులకు సిద్ధం చేయాలి. అందుకు నన్ను వారం రోజుల శిక్షణకు పంపారు.

వెళ్లేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒక సర్టిఫికెట్టు, ఒక గుడ్డబొమ్మ, ప్లాస్టిక్‌తో చేసిన నడుము ఎముకల నమూనా, తలనిండా గాలి ఉన్నాయి. రైల్లో ఆ ఎముకల నమూనాను అందరికీ కనపడేట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుసీటు ముసలామె కురిచేడు దాటేదాకా దాన్నే చూసి, చివరికి గొంతు తగ్గించి, "ఎవురిదమ్మా ఇది, మీవోళ్లదేనా?" అని అడిగింది.

అంతకుముందు ఊళ్లలో నన్ను అక్కా అనో పెద్దమ్మా అనో పిలిచేవాళ్లు. శిక్షణ తర్వాత మాత్రం క్లాసులో మేడం అనాలని చెప్పాను.

మొదటి క్లాసుకు తొమ్మిదిమంది వచ్చారు, కొందరు అత్తలను తోడు తెచ్చుకుని. రోజూ అరగంట నడవాలన్నాను. వెనక కూర్చున్న ఒక అత్తగారు, "గొర్రెల ఎనకనా మేడం, ఉత్తగానా?" అని అడిగింది. ఉత్తగానే అన్నాను. గది మొత్తం నవ్వింది. పొద్దున లేచింది మొదలు గొర్రెల వెనకా మేకల వెనకా నడిచే ఆడవాళ్లకు నేను నడక నేర్పుతున్నానని అప్పటికి నాకు తట్టలేదు. తర్వాత నొప్పులప్పుడు ఊపిరి ఎలా వదలాలో చేసి చూపించాను. మా కేంద్రంలో పనిచేసే ఆయా, నాకు ఆయాసం వచ్చిందనుకుని నీళ్లచెంబుతో పరిగెత్తుకొచ్చింది. చివరగా, గొంతుక్కూర్చుంటే కటి ఎలా తెరుచుకుంటుందో చూపిద్దామని కూర్చున్నాను. కూర్చోవడం బాగానే వచ్చింది. లేవడం రాలేదు. నిండు నెలలతో ఉన్న ఇద్దరు చెరో రెక్కా పట్టి నన్ను లేపారు.

వెనక కూర్చున్న ఆ అత్తగారే మరో వారం, "నీకెందరు మేడం? కాన్పులు ఇంటికాడ్నా, ఆసుపత్రిలోనా?" అంది. నాకున్నది ఒక్కడే కొడుకు. వాడు కర్నూలు ఆసుపత్రిలో ఆపరేషన్‌తో పుట్టాడు. శిక్షణలో ఎవరూ ఈ సంగతి అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. గోడ గడియారం వైపు చూసి, టైమైపోయింది, వచ్చే వారం మాట్లాడుకుందామన్నాను.

ఆ అత్తగారి కోడలు గురించే ఈ కథంతా. ఇరవై రెండేళ్ల పిల్ల. తల్లి చిన్నప్పుడే పోవడంతో తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లే వీలు లేక అత్తగారింట్లోనే ఉండిపోయింది. మొగుడు గొర్రెల మందను తోలుకుని మేత కోసం నెలల తరబడి బయటే తిరుగుతాడు. ఇంటర్ దాకా చదివిన పిల్ల, నేను చెప్పిందల్లా నోటుబుక్కులో రాసుకునేది. తర్వాతి వారం అడిగితే నాకంటే బాగా అప్పజెప్పేది. అలాంటి విద్యార్థి దొరికితే గురువు బుర్ర పాడవుతుంది. నాదీ పాడైంది. పై అధికారులు వచ్చినప్పుడల్లా ఆ పిల్లను లేపి నిలబెట్టి ప్రశ్నలడిగేదాన్ని.

ఆఖరి క్లాసులో ఆ పిల్లే చేయెత్తి, "పుట్టినాక ఏం జేయాల మేడం?" అని అడిగింది.

పాలివ్వాలి, టీకాలు వేయించాలి అన్నాను. అది కాదన్నట్టు ఇంకా చూస్తూనే ఉంది. "పుట్టినాక ఏముండాది? తల్లికి అన్నీ అవే వస్తాయి" అన్నాను. ఆ ముక్క కూడా నోటుబుక్కులో రాసుకుంది.

నెలలు నిండిన నాలుగు రోజులకు, పొద్దున్నే నొప్పులతో ఆటోలో దిగింది. పురుడు పోయాల్సింది స్టాఫ్ నర్సు, దగ్గరుండి చూసుకోవాల్సింది డాక్టరు. మా డాక్టరు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, నెమ్మదస్తుడు. వాళ్లిద్దరూ తమ పని తాము చేసుకుంటుంటే నేను ఆ పిల్ల తల దగ్గర నిలబడి, ఊపిరి తీసుకో, ఊపిరి వదులు, భుజాలు వదులు, దవడ వదులు అని ఒకటే అరవడం. నడిచినప్పుడు పక్కన నడిచాను, కూర్చుంటే కూర్చున్నాను. చాలాసేపు ఓర్చుకుంది. చివరికి ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య నా చేయి పట్టుకుని, "ఇంచేపు గమ్మునుండు మేడం" అంది. డాక్టరు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం నాకు కనిపించింది. నేను నోరు మూసుకున్న పావుగంటకు, కుట్టు పడకుండా ఆడపిల్ల పుట్టింది.

బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టి, ఫోన్‌తో ఫొటో తీయించాను. ఆ ఫొటోను పెద్దది చేయించి క్లాసు గదిలో గోడకు తగిలించాను కూడా. అందులో నేను పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాను. ఆ పిల్ల పైకప్పు ఫ్యాను వైపు చూస్తోంది. అలసట అనుకున్నాను.

కాన్పు తర్వాత ఇంటికెళ్లి చూసిరావడం మా ఏఎన్ఎం పని. ఆ ఇంటికి మాత్రం నేనే వెళ్లాను, నా విద్యార్థిని కదా అని. మూడోరోజు బిడ్డను తూచాను, బొడ్డు చూశాను, తల్లికి జ్వరం లేదని రాసుకున్నాను. ఏడోరోజు వెళ్లినప్పుడు అత్తగారు నన్ను పక్కకు పిలిచింది. కోడలు నిద్రపోవడం లేదట. బిడ్డ పడుకున్నా కళ్లు తెరుచుకుని గోడ చూస్తూ ఉంటోందట. తిండీ అంతంతమాత్రమేనట. బాలింతలకు అలాగే ఉంటుందని, బెల్లం, వెల్లుల్లి పెట్టమని చెప్పాను. ఆ మాట చెప్పడానికి నాకు వారం రోజుల శిక్షణ అక్కర్లేదు.

పద్నాలుగోరోజు ఆ పిల్లే నోరు తెరిచింది. బిడ్డకు పాలిస్తూ, తల ఎత్తకుండా, "మేడం, దీన్ని చూస్తే ఎవురి బిడ్డనో ఎత్తుకున్నట్టుండాది నాకు" అంది.

ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. నేనేం చేశానంటే, ఉపన్యాసం ఇచ్చాను. ఎంత అదృష్టవంతురాలివో చూడు, కోత లేదు, కుట్టు లేదు, బంగారంలాంటి పిల్ల, ఇట్లాంటి మాటలు అనకూడదు, మంచి ఆలోచనలు చేయాలి అని. ఆ పిల్ల తల ఊపింది. అప్పజెప్పిన పాఠంలో తప్పు దొరికిన విద్యార్థిలా సిగ్గుపడింది. నేను బయటికొచ్చి అరుగుమీద కూర్చుని రిజిస్టరులో "తల్లీ బిడ్డా క్షేమం" అని రాసి, కింద సంతకం చేశాను. నా సంతకం అందంగా ఉంటుందని అందరూ అంటారు.

ఆరు వారాల టీకాకు బుధవారం వచ్చింది. మందతో పంపకుండా ఆపిన గొర్రెలు ఈనుతున్నాయని అత్తగారు ఇంటి దగ్గర ఆగిపోయింది. ఆ పిల్ల ఒక్కతే వచ్చి వరసలో నిలబడింది. ఆ రోజు జనం ఎక్కువ. నేను పేర్లు రాస్తున్నాను. నా దగ్గరికి రాగానే బిడ్డను నా ఒళ్లో పెట్టి, "కొంచేపు పట్టుకో మేడం, వస్తా" అంది. బాత్రూంకేమో అనుకున్నాను. ఎడమచేత్తో బిడ్డను పట్టుకుని, కుడిచేత్తో రాస్తూ పోయాను.

వరసలో ఆరేడుమంది అయ్యాక గానీ ఆమె తిరిగి రాలేదని గమనించలేదు. ఆయాను పంపి బాత్రూం చూడమన్నాను. లేదు. క్లాసు గదిలో లేదు. గేటు బయట టీ కొట్టతను, ఒకమ్మాయి చేతులూపుకుంటూ రోడ్డు వైపు పోయినాదని చెప్పాడు. మా కేంద్రం నుంచి రోడ్డుకు వెళ్లే దారికి రెండు పక్కలా పాత గనుల గుంతలున్నాయి. పలకరాయి తీసేశాక వదిలేసిన గుంతలు, నిలువెత్తు నీళ్లు. ఆ మాట నేను పైకి అనలేదు. డాక్టరు నా మొహం చూసి, చేతిలో ఉన్న స్టెతస్కోపు బల్లమీద పెట్టి, మోటార్‌సైకిల్ తీశాడు.

బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. ఏడ్చే బిడ్డను ఎలా ఊరుకోబెట్టాలో నా క్లాసులో ఒక పాఠం ఉంది. నేను దాన్ని వరసగా అమలుచేశాను. భుజాన వేసుకున్నాను, బోర్లా పడుకోబెట్టాను, చెవిలో ఉష్ ఉష్ అన్నాను, అటూ ఇటూ తిరిగాను. వరసలో ఉన్న తల్లులందరూ, వాళ్లలో సగంమంది నా విద్యార్థినులే, మేడంగారి విద్యను గుడ్లప్పగించి చూశారు. బిడ్డ నీలం పడేట్టు ఏడ్చింది. అప్పుడు మార్కాపురంలో టైలరింగ్ చేసే సాయిబుల ఇంటి అమ్మాయి, తన బిడ్డకు టీకా వేయించుకుని కూర్చున్నది, లేచి వచ్చి, "ఇట్లియ్యి, ఆకలది" అని నా చేతుల్లోంచి తీసుకుని, కొంగు కప్పుకుని పాలిచ్చింది. ఒకరి బిడ్డకు ఇంకొకరు పాలివ్వకూడదని శిక్షణలో గట్టిగా చెప్పారు. ఆ నిమిషాన ఆ పేజీ నాకు గుర్తురాలేదు.

డాక్టరు చాలాసేపటికి తిరిగొచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడి. గుంతలన్నీ చూశానని, ఏమీ కనపడలేదని చెప్పాడు. కనపడలేదంటే ఏమిటో మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు. పోలీసులకు ఫోన్ చేద్దామన్నాడు. సరేనన్నాను. ఆ పిల్ల పేరు, ఊరు చెప్పడానికి రిజిస్టరు తెరిచాను. పద్నాలుగోరోజు పేజీలో నా అందమైన సంతకం కనిపించింది. ఆ పేజీని అరచేత్తో కప్పేసి, పేరూ ఊరూ డాక్టరుకు నోటితోనే చెప్పాను.

ఆయన ఫోన్ తీసేలోపే గిద్దలూరు వైపు నుంచి వచ్చే బస్సు దూరంగా రోడ్డు మీద ఆగింది. ఆ పిల్ల దిగి, మామూలుగా నడుచుకుంటూ వచ్చి బెంచీమీద కూర్చుంది. రవిక ముందంతా తడిసిపోయి ఉంది, కొంగు కూడా.

మూడు గంటలపాటు నేను పడిన భయం అంతా ఒక్కసారిగా కోపమై గొంతులోకి వచ్చింది. తిట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. నోరు తెరిచాను. ఆయా నా మణికట్టు పట్టుకుని, "ఇప్పుడేం మాట్లాడొద్దక్కా, నీళ్లియ్యి" అంది. ఆమె ఏ శిక్షణకూ వెళ్లలేదు. నీళ్లిచ్చాను.

తాగి, నేల చూస్తూ చెప్పింది. "గిద్దలూరు బస్సెక్కినా. ఎక్కడికని లే. కంభం కాడికి పోయేసరికి పాలొచ్చినయి. రవికంతా తడిసింది. పక్కనామె చూస్తావుంది. దిగి, ఇట్లొచ్చే బస్సెక్కినా." తడిసిన కొంగు మడుచుకుంటూ, "దాని మీద ప్రేమతో రాలే. పాలొచ్చినయని వచ్చినా" అంది.

అప్పుడు నావైపు తలెత్తి, "అన్నీ అవే వస్తాయంటివి. రాసుకున్యా. ఏమీ రాలే మేడం" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. లెక్క తప్పిన చోటు చూపించినట్టు చెప్పింది.

ముప్పయ్యేళ్ల పైచిలుకు సర్వీసులో ఆ మాటకు జవాబు నా దగ్గర ఒక్కటే ఉంది, అది ఏ పుస్తకంలోదీ కాదు. బెంచీమీద ఆమె పక్కన కూర్చుని, "నాకూ రాలే" అన్నాను.

నమ్మనట్టు చూసింది. చెప్పాను. నా కొడుకు పుట్టినప్పుడు వాణ్ని చూస్తే నాకేమీ అనిపించలేదు. అందరూ నావైపు చూస్తుంటే నవ్వాను. మా అమ్మ చేతికి వాణ్ని ఇచ్చేసి, సెలవు మిగిలి ఉండగానే డ్యూటీలో చేరాను. అందరూ ఎంత బాధ్యతగల ఉద్యోగినో అని మెచ్చుకున్నారు. ఇంటికి పోవాలంటే భయమని ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికీ చెప్పలేదు. ఆ రోజు దాకా, ఆ బెంచీ దాకా.

"మరి ఎప్పుడొచ్చింది?" అని అడిగింది.

"నాలుగో నెలలో. ఒకనాడు వాడు గట్టిగా తుమ్మి, తన తుమ్ముకు తనే ఉలిక్కిపడినాడు. నాకు నవ్వొచ్చింది. అప్పుడు."

ఆలోచించింది. "కాన్పు కష్టమయిందా నీకు?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "ఆపరేషను" అన్నాను.

కొంచెంసేపు నా మొహం చూసింది. "పది వారాలు మాకు గొంతుక్కూర్చోను నేర్పితివి. నీది ఆపరేషనా?" అంది. ముందు పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. ఆ ఆరు వారాల్లో అంతకుముందు ఒక్కసారీ నవ్వలేదని తర్వాత వాళ్ల అత్త చెప్పింది. డాక్టరు ఈసారి గోడవైపు తిరగలేదు, ఆయా అయితే తలుపు పట్టుకుని నవ్వింది. నా పరువు అంత గౌరవంగా ఎన్నడూ పోలేదు. టైలరమ్మాయి బిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ఆ పిల్ల తీసుకుంది. ముద్దు పెట్టుకోలేదు. పాలిచ్చింది. అంతే.

ఆ నవ్వుతో అంతా బాగైపోయిందని రాస్తే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కానీ అలా జరగలేదు. డాక్టరు తలుపు వేసి, ఆమెతో నిదానంగా మాట్లాడి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగాడు. కొన్నిరోజులు అనిపించింది అని చెప్పింది. నేను ఇన్నాళ్లూ అడగడానికి భయపడిన ప్రశ్న ఆ కుర్రాడు మంచినీళ్లు అడిగినట్టు అడిగాడు. మరునాడు మార్కాపురంలో మానసిక వైద్యం చేసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పాలిస్తూ వాడదగిన మందులే రాశారు. ఇంట్లో ఒంటరిగా వదలొద్దన్నారు.

అత్తగారితో ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆమె అంతా విని, తన రెండో కాన్పుకు తనకూ ఇట్లే అయిందని, గాలి సోకిందని తాయెత్తు కట్టించినారని, ఒళ్లంతా చెట్టుకు కట్టేసినట్టుండేదని చెప్పింది. "దానికి మందుండాదని ఎవురూ చెప్పలే" అంది. ఆ రోజు నుంచి బిడ్డ పక్కన తనే పడుకుని, పాలకు మాత్రం కోడలిని లేపింది. మొగుడు కబురందుకుని, మందను తమ్ముడికి అప్పగించి వచ్చి నెల్రోజులు ఇంట్లో ఉన్నాడు. మూడో నెలకు నిద్ర వచ్చింది. ఐదో నెలలో ఒకరోజు బిడ్డను తూకానికి తెచ్చినప్పుడు, ఎవరో బిడ్డను ఎత్తుకోబోతే, "జాగ్రత్త, దానికి జలుబుండాది" అంది. ఇంట్లో అందరికంటే ముందు నేనే ఆ మాట విన్నాను. పెన్ను కింద పెట్టేశాను.

గోడమీద ఫొటో తీసేశాను. క్లాసు మానలేదు, కానీ ఆఖరి రెండు వారాలు పుట్టిన తర్వాత రోజుల గురించే. ఇళ్లకు వెళ్లే ఏఎన్ఎంలకు, బిడ్డను తూచకముందు తల్లిని నిద్రపోయినావా, తిన్నావా, మనసెట్లుండాది అని అడగమని, అడిగి ఉపన్యాసం ఇవ్వొద్దని చెప్పాను. వాళ్లలో కొందరు పాటించారు. నేను కూడా చాలావరకు పాటించాను. మేడం అని పిలవమనడం మానేశాను.

నేను రిటైరైన ఏడాదికి ఆ పిల్లకు రెండో కాన్పు వచ్చింది. ముందే ఫోన్ చేసి, క్లాసులన్నీ తనకు కంఠతా వచ్చని, నాతో వేరే పని ఉందని చెప్పింది. "కాన్పైనాక ఈ పక్కకి వస్తావా పెద్దమ్మా?" అంది. ఈసారి బిడ్డ అడ్డం తిరగడంతో మార్కాపురం ఆసుపత్రిలో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. నేను వరండాలో చేతులు నలుపుకుంటుంటే, స్ట్రెచర్ మీద వెళ్తూ తనే నాకు ధైర్యం చెప్పింది. మగపిల్లాడు.

ఇంటికొచ్చాక రోజూ బస్సెక్కి వెళ్లాను. రిజిస్టరు లేదు, తూకం లేదు. మధ్యాహ్నం అన్నం పెట్టి, బిడ్డను ఎత్తుకుని కూర్చునేదాన్ని. ఈసారి మొదటినుంచే డాక్టర్లు ఆమె మందులు చూసుకుంటున్నారు, అందుకే భయం లేదని చెప్పింది. భయం లేదంటూనే నా చీర కొంగు పట్టుకుని పడుకునేది.

ఒకరోజు బిడ్డ గట్టిగా ఏడ్చాడు. భుజాన వేసుకుని గది ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగి ఊరుకోబెట్టాను. ఆమె సగం కళ్లు తెరిచి, "ఏడ్చినాడా?" అంది.

"ఏడ్చినాడు. నేనెత్తుకున్యా. నువ్వు పండుకో" అన్నాను.

సరేనని గోడవైపు తిరిగి నిద్రపోయింది. నేనిచ్చిన సలహాను ఎదురు ప్రశ్న లేకుండా అంత త్వరగా ఎవరైనా పాటించడం అదే మొదటిసారి. అప్పటికి నేను ఉద్యోగంలో లేను.